మాత్రల తర్వాత మిగిలిన రోజు: విశాఖలో గ్రూపు థెరపీ ఎలా నడపాలి

ఏ మానసిక వైద్యుడి ఓపీ దగ్గరైనా ఒక పూట కూర్చోండి. డాక్టరు పేషెంటు వైపు చూసి "ఎలా ఉన్నారండీ?" అని అడుగుతారు. జవాబు పక్కనున్న అమ్మ చెబుతుంది: "మాత్రలు వేసుకుంటున్నాడండి. గొడవేమీ లేదు." అది చిన్న విషయమేమీ కాదు. ఆ మాట చెప్పగలిగే స్థితికి రావడానికి ఆ ఇల్లు ఎంత పడిందో వాళ్ళకే తెలుసు. కానీ పొద్దుటి మాత్రకీ రాత్రి మాత్రకీ మధ్య ఆ అబ్బాయి ఏం చేస్తున్నాడు? చాలా ఇళ్ళలో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

ఆ మధ్య గంటల కోసమే ఇది రాస్తున్నాను. స్కిజోఫ్రెనియా, బైపోలార్ (ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషన్ లాంటి జబ్బులున్నవాళ్ళతో విశాఖలో కొన్నేళ్ళుగా గ్రూపులు నడుపుతున్నాను. "జబ్బు తగ్గాక పెళ్ళిళ్ళకి తీసుకెళ్దాం, తగ్గాక పని చూద్దాం" అని ఇంట్లోవాళ్ళు అంటారు. ఆ 'తగ్గాక' కొందరికి పదేళ్ళయినా రాదు. ఎవరూ అనని మాటలు చెవిలో కాస్త వినపడుతుండగానే, చేతులు కాస్త వణుకుతుండగానే బతుకులో బాగుండే భాగాన్ని ఈ వారమే మొదలుపెట్టడం గ్రూపు పని. మందులు ఆపి కాదు, మందులతో పాటే.

ముందు మీరెవరో చూసుకోండి

మీరు సైకియాట్రిక్ సోషల్ వర్కరో, క్లినికల్ సైకాలజిస్టో, మానసిక వైద్యంలో పనిచేసిన నర్సో అయితే గ్రూపు మీరే నడపొచ్చు. కాకపోతే, అంటే మీరు పేషెంటు అన్నయ్యో, వాలంటీరో, విద్యార్థో అయితే అలాంటి శిక్షణ ఉన్నవారిని ఒకరిని తోడు తెచ్చుకోకుండా మొదలుపెట్టకండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో, ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్, సైకాలజీ విభాగాల్లో అడగండి. నేరుగా వెళ్ళి "వారానికి ఒక గంటన్నర ఇవ్వగలరా?" అని అడిగితే ఒప్పుకునే మనిషి ఎక్కడో ఒకచోట దొరుకుతారు.

గ్రూపుకి ఇద్దరు ఉండాలి. ఒకరు నడపడానికి. ఇంకొకరు, ఎవరైనా లేచి బయటికెళ్తే వెంట వెళ్ళడానికి. ఆ రెండో మనిషి ఇదే జబ్బు పడి నిలదొక్కుకున్నవారైతే అంతకంటే మేలు ఇంకొకటి లేదు. నేను పది వారాలు చెప్పినా నమ్మని మాటను "నాకూ అలాగే వినపడేవి" అని మా గ్రూపులో అలాంటి ఒకావిడ ఒక్కసారి చెబితే నమ్మారు.

ఎవరిని తీసుకోవాలి

ఎనిమిది మంది చాలు. ఇద్దరు రాకపోయినా ఆరుగురు మిగులుతారు. పన్నెండు మందైతే మాట్లాడని వాళ్ళు పూర్తిగా మాయమైపోతారు. జబ్బు పేరు అందరికీ ఒకటే కానక్కర్లేదు. చెవిలో మాటలు వినపడుతున్నా రావొచ్చు. ఒక గంట కుర్చీలో కూర్చోగలగడం, ఎదుటివాళ్ళ మాట కొంతైనా వినగలగడం ఉంటే చాలు.

కొందరిని మాత్రం "ఇప్పుడు కాదు, తర్వాత" అనాలి. మేనియా (హద్దు మీరిన ఉద్రేకం) ఉధృతంగా ఉన్నవాళ్ళు, చనిపోవాలనే ఆలోచన గట్టిగా ఉన్నవాళ్ళు, తాగి వచ్చేవాళ్ళు, గదిలో అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించే స్థితిలో ఉన్నవాళ్ళు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆడవాళ్ళను తీసుకుంటే ఒక్కరినే తీసుకోకండి. కనీసం ఇద్దరు ముగ్గురు ఉండాలి.

చేర్చుకునే ముందు ప్రతి ఒక్కరితో విడిగా అరగంట మాట్లాడండి. అమ్మనో భర్తనో బయట కూర్చోమనండి. "మీకు రావాలని ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు ఆ మనిషి నోటి నుంచే రావాలి. ఇంట్లోవాళ్ళ బలవంతం మీద వచ్చినవాళ్ళు మూడో వారానికి మానేస్తారు. ఆ అరగంటలోనే ఏ విషయం ఎత్తితే బాధ కలుగుతుందో కూడా అడిగి రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. ఈ జబ్బున్న మనిషిని మన సమాజం ఒక్కసారిగా 'నువ్వు'లోకి దింపేస్తుంది. నలభై అయిదేళ్ళ మాస్టారిని కూడా "ఏరా, మాత్ర వేసుకున్నావా?" అంటారు. మీ గదిలో అందరూ 'మీరు', అందరూ 'గారు'. ఇరవై ఏళ్ళ కుర్రాడైనా అంతే. మొదటి రోజు వాళ్ళకి కొత్తగా ఉంటుంది. రెండో వారానికి వెన్ను కాస్త నిటారుగా పెట్టి కూర్చోవడం మీరే చూస్తారు.

గది, టైము, టీ

వీలైతే ఆసుపత్రి బయట గది చూడండి. కాలనీ కమ్యూనిటీ హాలు, లైబ్రరీలో ఒక గది, ఏదైనా సరే. తలుపు మీద 'మానసిక' అనే మాట రాయకండి. మావాళ్ళు ఇరుగుపొరుగుతో "గురువారం మీటింగు" అని చెప్పి వచ్చేవారు, అది చాలు. గాజువాక నుంచీ మధురవాడ నుంచీ వచ్చేవాళ్ళుంటే ఆర్టీసీ కాంప్లెక్సుకో మద్దిలపాలేనికో దగ్గరలో పెట్టండి. రెండు బస్సులు మారాలంటే రారు.

టైము ఉదయం పదకొండు. అంతకంటే ముందు పెట్టకండి, రాత్రి మాత్రల మత్తు దిగదు. ప్రతి వారం అదే రోజు, అదే గది, వీలైతే అవే కుర్చీలు. లోపల ఎంతో కలతగా ఉన్న మనిషికి బయట ఒకటి మారకుండా ఉండటమే పెద్ద ఆసరా. గంటన్నర సరిపోతుంది, మధ్యలో పది నిమిషాలు టీ.

మందుల వల్ల వచ్చే ఇబ్బందులకు గదిని సిద్ధం చేయడం చాలామంది మర్చిపోతారు. చేతులు వణికేవాళ్ళకి కప్పు సగమే నింపండి. నిండా పోస్తే ఒలుకుతుంది, అందరి ముందూ ఒలికితే ఆ మనిషి వచ్చే వారం రాడు. కొన్ని మందులకు నోరు ఎండిపోతుంది కాబట్టి నీళ్ళు అందరి చేతికీ అందేలా ఉండాలి. క్లోజాపిన్ వాడేవాళ్ళకి లాలాజలం కారొచ్చు. కాగితపు రుమాళ్ళ పెట్టె ప్రతి కుర్చీకీ దగ్గరగా ఉంచండి, ఒక్కరి ముందే పెట్టకండి. కొందరికి కాళ్ళు ఒకచోట నిలవవు. అది అమర్యాద కాదు, మందు ప్రభావం. గది వెనక నడవడానికి చోటు వదలండి, తలుపు పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఉక్క సంగతి తెలిసిందే. బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళకి అది ప్రమాదం కూడా. చెమట బాగా పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరుగుతుంది. ఫ్యాన్లు సరిగా తిరగని గదైతే ఆ రెండు నెలలు వేరే గది చూసుకోండి. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు మామూలుకంటే ఎక్కువ కావడం, నడక తూలడం కనిపిస్తే గ్రూపు ఆపి వెంటనే ఆసుపత్రికి పంపండి.

మొదటి రోజు చెప్పాల్సినవి

గోడకి ఛార్టు అంటించి చదివి వినిపించకండి, మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పండి. ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు వివరాలు గోప్యంగా ఉండటం వాళ్ళ హక్కు అని కూడా చెప్పండి. చాలామందికి అలాంటి హక్కు ఉందనే తెలియదు. ప్రాణానికి ప్రమాదం ఉంటే మాత్రం నేను దాచనని ముందే చెప్పేయండి. తర్వాత చెబితే మోసంలా ఉంటుంది. ఫొటోలు వద్దు. ఒకరి మందు గురించి ఇంకొకరు సలహా ఇవ్వకూడదు. మాట్లాడకుండా కూర్చోవచ్చు, లేచి వెళ్ళి మళ్ళీ రావొచ్చు.

ఆ రోజు జబ్బు కథలు చెప్పించకండి. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు చేరారు అనేవి వాళ్ళు ఇప్పటికే పదిమందికి చెప్పి అలిసిపోయారు. పేరు, ఊళ్ళో ఇష్టమైన చోటు అడగండి. మా మొదటి గ్రూపులో ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు, చివర్లో "భీమిలి దారిలో బస్సు కిటికీ పక్క సీటు" అన్నారు. అందరూ అవునన్నట్టు తలాడించారు. ఆ రోజుకి అదే థెరపీ.

వారం వారం ఏం చేయాలి

మొత్తం పది, పన్నెండు వారాలు పెట్టుకోండి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు సైకోసిస్ (లేనివి వినపడటం, లేనివి నిజమనిపించడం) ఉన్నవాళ్ళ కోసం తయారుచేసిన ఒక పద్ధతిలో పదకొండు సమావేశాలున్నాయి. ఆస్వాదించడం, మంచి సంగతులు గుర్తించడం, తన బలాలు తెలుసుకోవడం, క్షమ, కృతజ్ఞత అందులోని విషయాలు. వరస బాగుంది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు మన గదిలోకి తెస్తే కొన్నిచోట్ల తడబడతాం.

ఆస్వాదించడంతో మొదలుపెట్టండి. జబ్బు, మందులు రెండూ రుచినీ, ఉత్సాహాన్నీ మందగింపజేస్తాయి. వేసవైతే తాటిముంజలు తెప్పించండి. చల్లగా చేతిలో పెట్టుకుని, పై పొర వేలితో తీసి, కొరికినప్పుడు నీళ్ళు నోట్లోకి చిమ్మడం దాకా నెమ్మదిగా చేయించండి. మాట్లాడకుండా మూడు నిమిషాలు. తర్వాత "ఏం తెలిసింది?" అని అడగండి. మిగతా కాలంలో ఉడకబెట్టిన వేరుశెనగకాయలు పెట్టండి. స్వీట్లు వద్దు. ఈ మందుల్లో కొన్నిటికి బరువు, షుగరు పెరుగుతాయి. చాలామందికి ఇంట్లో ఆ విషయం మీద రోజూ మాటలు పడుతుంటాయి.

రెండో వారం నుంచి ప్రతిసారీ మొదట "ఈ వారం జరిగిన ఒక్క మంచి సంగతి" చెప్పించండి. పుస్తకాలు మూడు అంటాయి, నేను ఒకటే అడుగుతాను. "ఏమీ లేదండి" అనేవాళ్ళని "ఏదో ఒకటి ఉంటుంది చెప్పండి" అని గుచ్చకండి. "సరే. నిన్న సాయంత్రం ఏం చేశారు?" అనండి. టీ తాగానంటారు. ఎవరు పెట్టారు, ఎక్కడ కూర్చుని తాగారు అని అడుగుతూ పోతే "మా చెల్లి అల్లం వేసి పెట్టింది" అని వస్తుంది. అది చాలు.

ఇక్కడొక చిక్కు ఉంది. బాగున్నానని పైకి చెబితే దిష్టి తగులుతుందని మనలో చాలామందికి లోపల ఒక భయం. "బాగున్నానని చెప్పిన వారమే నాకు తిరగబెట్టింది" అని ఒకావిడ అన్నారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. పదే పదే జబ్బు తిరగబెట్టిన మనిషి సంతోషానికి భయపడటం సహజమే. ఆవిడకి చిన్న కాగితం ఇచ్చాను. మంచి సంగతి రాసి, మడిచి, డబ్బాలో వేసేవారు, ఎవరికీ చదివి వినిపించేవారు కాదు. ఏడో వారంలో తనంతట తానే పైకి చదివారు.

బలాల వారం నాకు అన్నిటికంటే ఇష్టం. "మీ బలాలేంటి?" అని సూటిగా అడిగితే తల దించుకుంటారు. అందుకని పనుల గురించి అడగండి. వల అల్లడం, చుక్కలు తప్పకుండా ముగ్గు వేయడం, కిరాణా కొట్లో లెక్కలు చూడటం, ఎన్నేళ్ళ కిందట చేసినా ఫర్వాలేదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12, ఎక్కడున్నారని కూడా అడుగుతాను. ఆ తుపానులో కరెంటు లేక, నీళ్ళు లేక ఊరంతా ఒకే కష్టం పడింది. ఆ రోజుల్లో జబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు అని తేడా లేదు. మా గ్రూపులో ఒకావిడ అప్పటికి ఆరేళ్ళుగా మందులు వాడుతున్నారు. మూడో అంతస్తులోని ముసలి దంపతులకు రోజూ బిందెలతో నీళ్ళు మోసి ఇచ్చారట. ఆ మాట చెప్పి, "ఇన్నాళ్ళూ నాకే గుర్తులేదు" అన్నారు. ఆ తుపానులో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు మీ గ్రూపులో ఉంటే ఈ ప్రశ్న వద్దు. ముందు విడిగా మాట్లాడమన్నది ఇలాంటి వాటి కోసమే.

క్షమ దగ్గర బాగా ఆలోచించి అడుగువేయండి. మన గదుల్లో గొలుసు వేసి కట్టేసినవాళ్ళ చేతుల్లో, భూతవైద్యుడి చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళుంటారు. జబ్బు సాకుతో భర్త వదిలేసినవాళ్ళుంటారు. వాళ్ళని క్షమించమనడం మన పని కాదు. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది, వాళ్ళకి జరిగింది తప్పు అని స్పష్టంగా చెప్పడం మన పని. ఈ వారానికి నేను 'బరువు దించుకోవడం' అని పేరు పెడతాను. ఒక రాయి చేతిలో పట్టుకుని, ఏ కోపాన్ని కాసేపు పక్కన పెట్టగలరో ఆలోచించి, పెట్టాలనిపిస్తే బల్ల మీద పెడతారు. పెట్టకపోయినా ఎవరూ అడగరు. దీన్ని ఎనిమిదో వారానికి ముందు చేయకండి.

కృతజ్ఞత విషయంలో ఇంగ్లీషు పుస్తకాలు ఉత్తరం రాసి చదివి వినిపించమంటాయి. మన ఇళ్ళలో కన్నతల్లికి థాంక్స్ చెప్పే అలవాటు లేదు. అదీగాక, ఒకసారి ప్రాణం తీసుకోబోయిన కొడుకు ఉన్నట్టుండి "అమ్మా, నువ్వు నాకు చాలా చేశావు" అని కాగితం చేతిలో పెడితే ఆ తల్లి గుండె ఆగినంత పనవుతుంది, వీడ్కోలు చెబుతున్నాడేమో అని. ఒక గ్రూపులో నేను ఆ పొరపాటు చేశాను. ఆ రాత్రి ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. అప్పటినుంచి ఉత్తరం మానేసి పని చెబుతున్నాను. ఒక సాయంత్రం అమ్మకి మీరే టీ పెట్టి ఇవ్వండి, నాన్న చెప్పులు కుట్టించి తీసుకురండి. ఏమీ చెప్పక్కర్లేదు.

చివరి రెండు వారాల ముందు అందరూ కలిసి బయటికి వెళ్ళండి. సాయంత్రం పూట ఆర్కే బీచ్ చాలు. కారు మాట్లాడకండి, బస్సులో వెళ్ళండి. ఎవరు టికెట్లు తీయాలి, ఎవరు మురీ మిక్చర్ కొనాలి, ఎవరు చిల్లర లెక్కచూసుకోవాలి అనేది ముందు వారమే వాళ్ళే పంచుకోవాలి. అయిదేళ్ళుగా తన చేత్తో డబ్బులిచ్చి ఏదీ కొనని మనిషి ఉంటారు. ఆ పొట్లం అందుకోవడానికి ఆయనకు ఎంత టైము పడితే అంత పట్టనివ్వండి. మీరు పక్కనుంచి పర్సు తీయకండి.

కష్టమైన నిమిషాలు

ఎవరైనా "టీవీలో నా గురించే చెబుతున్నారు" అంటే అవుననకండి, కాదని వాదించకండి. "అలా అనిపిస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంటుంది కదా. అప్పుడు మీరేం చేస్తారు?" అనండి. మాట బాధ వైపు తిరుగుతుంది. అక్కడైతే అందరూ ఏదో ఒకటి చెప్పగలరు.

ఒకరే మాట్లాడుతుంటే మధ్యలో ఆపడానికి మొహమాటపడకండి. "ఈ మాట ఇక్కడ ఆపుదామండీ, వారికి కూడా టైము ఇద్దాం" అని మెత్తగా చెప్పండి. ఏడ్చేవాళ్ళని ఊరుకోమనకండి, నీళ్ళు అందించి పక్కన ఉండండి.

మాత్రలు మానేశానని ఎవరైనా చెబితే కోప్పడకండి. చెప్పినందుకు మెచ్చుకోండి, ఎందుకు మానేశారో అడగండి. ఎక్కువసార్లు బరువో, మత్తో, దాంపత్య ఇబ్బందో కారణం అవుతుంది. డాక్టరుతో ఆ మాట చెప్పలేకపోతే ఒక చీటీ మీద రాయడానికి సాయం చేయండి.

చావు మాట వస్తే సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?" అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అడిగించుకున్నవాళ్ళకి ఊపిరి ఆడుతుంది. ఆలోచన గట్టిగా ఉంటే ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకండి. ఇంట్లోవాళ్ళని పిలిపించి, మీరు లేదా మీ తోటి మనిషి వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 అందరి ఫోన్లలో మొదటి రోజే సేవ్ చేయించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవ పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ళు

గ్రూపు అయ్యాక గేటు దగ్గర అమ్మ అడుగుతుంది: "ఏం చెప్పాడండీ?" జవాబు చెప్పకండి. "బాగా కూర్చున్నారండి, మీరే అడగండి" అనండి. దానికి బదులు ఇంట్లోవాళ్ళతో నడుమ ఒకసారి విడిగా కూర్చోండి. ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉండే ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. కానీ ఆ మాటను నేరంలా వాళ్ళ మీద వేయకండి. వాళ్ళూ అలిసిపోయి ఉన్నారు. ముందు వాళ్ళ కష్టం వినండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక జబ్బుకూ సౌకర్యాలున్నాయని చెప్పండి. ఆ ఒక్క సమాచారం కోసమే వచ్చినవాళ్ళు తర్వాత మనసు విప్పి మాట్లాడతారు.

బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు ప్రశ్నల పత్రం వాడండి. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, నిద్ర లేచినప్పుడు తేటగా ఉన్నానా, నా రోజుల్లో నాకు ఆసక్తి కలిగించేవి ఉన్నాయా. ప్రతిదానికీ సున్నా నుంచి అయిదు. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి లెక్క వస్తుంది. 9 వస్తే 36 అన్నమాట. మొదటి వారం, చివరి వారం వేయించండి. పది పాయింట్లు మారితే చెప్పుకోదగ్గ మార్పే. చదవలేనివాళ్ళకి చదివి వినిపించండి, జవాబు మీరు ఊహించకండి.

పెద్ద మాటలు మాత్రం ఇవ్వకండి. నేను పైన చెప్పిన లండన్ పద్ధతిని 94 మందితో పరీక్షించారు, ఫలితాలు 2016లో వచ్చాయి. గ్రూపులో ఉన్నవాళ్ళకి జబ్బు లక్షణాలు, దిగులు కొంత తగ్గాయి కానీ, ప్రధానంగా చూడాలనుకున్న 'బాగుండటం' కొలతలో మామూలు చికిత్సకూ దీనికీ స్పష్టమైన తేడా రాలేదు. ఇది తెలిసీ నేను గ్రూపులు నడుపుతున్నాను. అంకెలతో పాటు ఇంకో మూడు రాసుకుంటాను: ఎవరు ఒంటరిగా బస్సులో వచ్చారు, ఎవరు ఎవరికి ఫోన్ చేసుకున్నారు, "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే ఎవరు తామే జవాబు చెప్పారు.

చివరి వారం శాలువాలు, ఉపన్యాసాలు పెట్టకండి. ఎప్పటిలాగే ఒక మంచి సంగతితో మొదలుపెట్టి, టీ తాగి, నెలకొకసారి అదే గదిలో కలుసుకునే ఏర్పాటు చెప్పండి. లేకపోతే పన్నెండు వారాల్లో దొరికిన ఏడుగురు స్నేహితులు ఒక్కరోజులో పోతారు. నెలవారీ కలయికని వాళ్ళలోనే ఇద్దరికి అప్పగించండి, గది తాళంతో సహా. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో ఒక చీటీ పెట్టండి. ముందు వైపు వచ్చే నెల తేదీ, టైము, దిగాల్సిన బస్టాపు. వెనక మీ ఫోన్ నంబరు, దాని కింద 14416.